జింగూ స్టేడియాన్ని కూల్చేముందు జవాబు చెప్పండి

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. టోక్యోలోని మేజీ జింగూ బేస్‌బాల్ స్టేడియం గురించి మీ కార్యాలయానికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

1926 నాటి స్టేడియం ఇది. 1934లో అమెరికా బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ ఇక్కడ ఆడాడు. ఈ స్టేడియమే సొంత మైదానమైన స్వాలోస్ జట్టుకు పరుగు రాగానే అభిమానులు చిన్న గొడుగులు తెరిచి ఆడిస్తారు, చినుకు పడకపోయినా! మొదట నవ్వుకున్నాను, తర్వాత నేనూ ఒకటి కొన్నాను. ఈ ప్రాంతపు పునరభివృద్ధిలో స్టేడియాన్ని కూల్చి, దగ్గర్లోనే కొత్తది కడతారట. నా పక్క సీటు పెద్దాయన కాలేజీ రోజుల నుంచి వస్తున్నారు. "కొత్తది చూసేదాకా ఉంటానా?" అని అడిగారు. ఏం చెప్పను?

జపాన్‌లోనే ఉన్న 1924 నాటి కోషియెన్ బేస్‌బాల్ స్టేడియాన్ని బాగుచేసి వాడుకుంటున్నారు కదా. జింగూను ఎందుకు బాగుచేయలేరో ఆ లెక్కలన్నీ ప్రజల ముందు పెట్టండి. అంతవరకు కూల్చివేత మొదలుపెట్టనివ్వకండి.

భవదీయుడు,
టోక్యోలో ఉంటున్న ఒక తెలుగు అభిమాని