తల ఊపిన మనిషి

నల్గొండ,
ఆదివారం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఇక్కడ వానలు ఆలస్యమయ్యాయి. మా వైపు పత్తి గింజలు రెండోసారి పెట్టినవాళ్ళూ ఉన్నారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. మీ ఆసుపత్రిలో ఇంగ్లీషు రాని రోగి వస్తే చక్రాల బండి మీద ఒక వీడియో తెర తోసుకొస్తారని, అందులో దుబాసీ కనబడి రోగి భాషలో మాట్లాడతాడని, రోగి దానికి పైసా కట్టనక్కరలేదని రాశావు. అది దయతో చేసే పని కాదని, 1964 నాటి అమెరికా పౌర హక్కుల చట్టం నుంచి వచ్చిన బాధ్యత అనీ అన్నావు. అది చదివి మా మందుల కౌంటర్ ముందు జరిగిన సంగతి నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

మార్చిలో దేవరకొండ వైపు తాండా నుంచి ఒకాయన వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. హైదరాబాద్‌లో ఇళ్ళ కట్టడం పనికి వెళ్ళి వస్తుంటాడు. తెమడ పరీక్షలో టీబీ తేలింది. మాత్రల పట్టీలు ఇచ్చింది నేనే. ఆరు నెలల మందు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్ర. అందులో రిఫాంపిసిన్ ఉంటుంది కదా, దానివల్ల మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. చెమటా కన్నీళ్ళూ కూడా రంగు మారతాయి. హాని ఏమీ లేదు. ఆ మాట ఆయనకు చెప్పాను. వరుసలో ఇంకా నలభై మంది ఉన్నారు, గబగబా చెప్పాను. ఆయన తల ఊపి, 'సరే సార్' అని వెళ్ళిపోయాడు.

నెల తిరిగినా పట్టీలకు రాలేదు. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళి చూస్తే పట్టీలన్నీ బియ్యం డబ్బా వెనుక ఉన్నాయి. ఎర్రటి మూత్రం చూసి నెత్తురు పోతోందనుకున్నాడట. మందు లోపల కోసేస్తోందని భార్య ఏడ్చిందట. నాలుగో రోజునే ఆపేశాడు. ఆ నెలంతా ఆ చిన్న ఇంట్లో పిల్లల మధ్య దగ్గుతూ పడుకున్నాడు.

నేను చెప్పాను కదా అని మొదట నాకు కోపం వచ్చింది. నిజంగానే చెప్పాను. కానీ ఆయనకు చేరలేదు. ఆయన సంతలో తెలుగు బాగానే మాట్లాడతాడు, మేస్త్రీతో కూలి లెక్క తెలుగులోనే తేల్చుకుంటాడు. అందుకే తెలుగు వచ్చనుకున్నాను. బేరమాడే తెలుగు వేరు, ఒంట్లో బాధ చెప్పుకునే భాష వేరు. అది ఆయనకు లంబాడీ, వాళ్ళ మాటలో గోర్ బోలి.

ఆశా ఆయన్ను మళ్ళీ తీసుకొచ్చిన రోజున, మా దగ్గర నేల తుడిచే అమ్మ, ఆమెదీ తాండానే, చీపురు గోడకు ఆనించి ఆయన పక్కన బల్ల మీద కూర్చుంది. వాళ్ళ భాషలో నెమ్మదిగా మాట్లాడింది. ఆయన మెడలో ఉన్న ఎర్ర తువ్వాలు అంచు పట్టుకుని చూపించి ఏదో అంది. ఆయన చాలాసేపు ఆ అంచు వంకే చూశాడు. తర్వాత ఒక ప్రశ్న వేశాడు. ఏమన్నాడని అడిగితే ఆమె చెప్పింది: 'ఎన్ని రోజులు ఈ రంగు వస్తుందని అడుగుతున్నాడు సార్.' రెండు నెలల్లో ఆయన మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న అది. అర్థం కాని మనిషి తల ఊపుతాడు, అర్థమైనవాడు ప్రశ్న అడుగుతాడు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో నాకు ఇది ఇప్పుడు తెలిసింది. డాక్టర్ గారు మళ్ళీ పరీక్ష చేయించి కోర్సు మొదలుపెట్టించారు.

నువ్వు ఫోనులో చెప్పిన విల్లీ రమిరెజ్ గుర్తున్నాడా? 1980లో ఫ్లోరిడాలో, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. తిన్నదేదో పడలేదనే అర్థంలో ఇంటివాళ్ళు స్పానిష్‌లో 'ఇంటాక్సికాడో' అంటే, మత్తుమందు ఎక్కువైందనుకుని డాక్టర్లు దానికే వైద్యం చేశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. కాళ్ళూ చేతులూ పడిపోయాయి, ఆసుపత్రి తరఫున 7.1 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. అక్కడ కూడా ఎవరూ దుబాసీని పిలవలేదు, అందరికీ అర్థమైందనే అనుకున్నారు కాబట్టి.

మన దగ్గరా అంతే. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మంచిదే. ఎంబీబీఎస్ సీట్లలో 15 శాతం, పీజీలో సగం అఖిల భారత కోటా కాబట్టి వేరే రాష్ట్రాల పిల్లలూ వచ్చి చదువుతున్నారు. కష్టపడే పిల్లలు, వాళ్ళను ఒక్క మాట అనను. మా చిన్నమ్మ ఒక పెద్దాసుపత్రికి వెళ్ళి 'వేడి చేసింది బాబూ' అంది. ఆ అబ్బాయి థర్మామీటర్ పెట్టి చూసి జ్వరం లేదన్నాడు. ఆమె చెప్పింది మూత్రంలో మంట గురించి. పక్కనున్న నర్సు కలగజేసుకోకపోతే ఆమె అలాగే ఇంటికి వచ్చేసేది. మెడికల్ విద్యార్థులకు మొదట్లో జరిగే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష కూడా ఉంది. కానీ 'మీ పేరేమిటి' నేర్చుకుంటే చాలదు. వేడి చేయడం, దమ్ము రావడం, కడుపులో దేవడం, తిమ్మిర్లు, గాబరా... ఇవి నేర్పాలి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది పిల్లల చేత చెప్పించడం. పోయిన వారం ఆరో తరగతి చదివే అబ్బాయి వాళ్ళమ్మ పక్కన నిలబడ్డాడు. ఆమెకు నెలసరి ఆగకుండా నెత్తురు పోతోంది. అది ఆ పిల్లవాడు ఎలా చెబుతాడు? 'అమ్మకు నీరసం' అన్నాడు. ఆమె నేల చూపులు చూసింది. బలం మాత్రలతో పోయేవాళ్ళే, చీటీ మీద హిమోగ్లోబిన్ 6 అని, అంటే రక్తం బాగా తక్కువని చూసి నేనే సిస్టర్‌ను పిలిచాను. మీ దగ్గర అత్యవసరమైతే తప్ప పిల్లలను దుబాసీలుగా వాడకూడదని నియమం ఉందన్నావు. ఆ ఒక్క నియమం ఇక్కడికి వస్తే చాలు, సగం ఊపిరి పీల్చుకుంటాను.

రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పించుకునే హక్కు జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలోనూ ఉంది. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయింది. కానీ లంబాడీకి సొంత లిపి లేదు, గోడ మీద బోర్డు రాసినా ఆ పెద్దవాళ్ళు చదవలేరు. కావలసింది మనిషి. ఆ చీపురు పక్కన పెట్టిన అమ్మకు వారం పాటు నేర్పించాలి: ఉన్నది ఉన్నట్టు చెప్పడం, భయపడతారని చెడ్డ మాటను మెత్తబరచకపోవడం, విన్నది బయట చెప్పకపోవడం. నేర్పించి, ఆ పనికి విడిగా జీతం ఇవ్వాలి. ఇప్పుడు ఆమె చేస్తున్నది తుడిచే పని జీతంతో డాక్టర్ పనిలో సగం. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బీహార్ కూలీలు, ఇటుక బట్టీల్లో ఒడియావాళ్ళు ఉన్నారు, వాళ్ళకూ ఎవరో ఒకరు కావాలి. మన పాలమూరు కూలీలు ముంబైలో, పుణేలో ఆసుపత్రి వరుసల్లో నోరు లేనివాళ్ళలా నిలబడి వచ్చినవాళ్ళే కదా, ఆ బాధ మనకు వేరే చెప్పాలా?

నా చేతనైనంత మొదలుపెట్టాను. మందు ఇచ్చాక 'అర్థమైందా' అని అడగడం మానేశాను. 'ఇంటికి వెళ్ళి మీ ఇంట్లోవాళ్ళకు ఏమని చెబుతారు?' అని అడుగుతున్నాను. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది, వరుసలో విసుక్కుంటున్నారు. విసుక్కోనీ. ఆ అమ్మ దగ్గర కూర్చుని లంబాడీ మాటలు తెలుగు లిపిలో ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు పేజీలు అయ్యాయి. నా ఉచ్చారణ ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

నీకొక పని. మీ దుబాసీలకు మొదట ఏమేమి నేర్పిస్తారో వాళ్ళనే అడిగి, నీ మాటల్లో రాసి పంపు. మా డాక్టర్ గారికి చూపిస్తాను, ఆయన వింటారు.

మంగళవారం ఎర్ర తువ్వాలు ఆయన పట్టీలకు వస్తాడు. ఈసారి భార్యను కూడా తీసుకురమ్మన్నాను. పాప పరీక్షలు ఎలా రాసిందో తప్పక రాయి.

నీ
స్నేహితుడు