‘ఇంజిన్ చేయించాం’ అంటే ఏం చేయించినట్టు?

సంపాదకులకు నమస్కారం.

పాత బైకుల మీద కుర్రాళ్లకు మోజు పెరిగిందని ఈమధ్య మీ పత్రికలో రాశారు. మోజు నిజమే, కాదనను. కానీ అదే పేపర్లో వెనక పేజీ వర్గీకృత ప్రకటనలు చూడండి, ఆరెక్స్ హండ్రెడ్ అయినా యెజ్డీ అయినా బుల్లెట్ అయినా అందరూ రాసేది ఒకటే మాట, ‘ఇంజిన్ చేయించబడినది, ఫుల్ కండిషన్’. ఆ మాట నమ్మి ఒక బండి కొన్నాను, తర్వాత అదే బండిని నేనే అమ్మాను కూడా, రెండు వైపులా దెబ్బ తిన్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కొన్నది యమహా ఆరెక్స్ హండ్రెడ్. ఎస్కార్ట్స్ వాళ్లు యమహాతో కలిసి 1985లో మొదలుపెట్టి 1996లో ఆపేసిన బండి, అంటే ఆఖరున తయారైన దానికి కూడా ముప్ఫయ్యేళ్లు వచ్చాయి. అంత వయసున్న బండికి ఇంజిన్ పని జరగకుండా ఎలా ఉంటుంది? జరగడం తప్పు కాదు, ఏం జరిగిందో చెప్పకపోవడమే తప్పు. అమ్మినాయన “అన్నా, ఇంజిన్ మొత్తం చేయించాను, వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగలేదు” అన్నాడు. నేను వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి ఉంచాడు. వేడిగా ఉన్న టూ స్ట్రోక్ అరిగినదైనా ఒక్క కిక్కుకే లేస్తుంది, అది చూసి నేను పొంగిపోయాను. ఆయిల్ ట్యాంకు నిండా టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ అరగకుండా పంపు ద్వారా పెట్రోలుతో కలిసే నూనె) ఉంది, అది చూసి ఇంకా పొంగిపోయాను. 62,000 ఇచ్చి తెచ్చుకున్నాను.

మూడు రోజులు బాగానే నడిచింది. ఆయిల్ చుక్క కూడా తగ్గలేదు, ఎంత పొదుపైన బండో అనుకున్నాను, నా తెలివికి ఇప్పటికీ నవ్వొస్తుంది. నాలుగో రోజు బంకులో పెట్రోలు పోయించి విజయవాడ బయల్దేరితే దుగ్గిరాల దాటాక కీచుమని శబ్దం, వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ పట్టుకోవాలని ఆ క్షణంలో ఎలా తట్టిందో తెలియదు, లేకపోతే పక్కనే కాలువ. బండిని ఆటో ట్రాలీలో వేసుకుని ఆటోనగర్ తీసుకెళ్లాను. మేస్త్రి సైడు కవరు తీసి చూసి, “ఆయిల్ పంపు ఎప్పుడో పీకేశారండీ, రేకు ముక్క పెట్టి మూసేశారు, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి, మీకు చెప్పలేదా?” అన్నాడు. చెప్పలేదు. అమ్మినాయన కలిపిన పెట్రోలు ఉన్నంతవరకు నడిచింది, నా పెట్రోలు పడ్డాక ఒట్టి పెట్రోలు మీద పిస్టన్ పట్టేసింది.

హెడ్, అంటే ఇంజిన్ పైమూత విప్పాక అసలు సంగతి తెలిసింది. పిస్టన్ నెత్తిన 75 అని గుద్ది ఉంది. తెలియనివాళ్ల కోసం ఇది కొంచెం వివరంగా చెప్పాలి, డబ్బంతా ఇక్కడే ఉంది కాబట్టి. ఈ బండి బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం లోపలి వెడల్పు, కొత్తప్పుడు 50 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా లేత్ మీద కొంచెం కోసి, ఆ మేరకు పెద్ద పిస్టన్ వేస్తారు, పాతిక, యాభై, డెబ్బై అయిదు, వంద అని నాలుగు సైజులు, అంటే 50.25 నుంచి 51 మిల్లీమీటర్ల దాకా. ఆ తర్వాత కోయడానికి ఇనుము ఉండదు, కొత్త స్లీవ్ (లోపలి ఇనుప గొట్టం) దించాలి లేదా వేరే బ్లాక్ వెతుక్కోవాలి, అసలు బ్లాక్ దొరకడం ఇప్పుడు అంత తేలిక కాదు. నా బండి అప్పటికే మూడో సైజులో ఉంది. ‘చేయించాను’ అన్నదల్లా అరిగిన బోరులోకే కొత్త రింగులు వేసి, బయట సిల్వర్ పెయింట్ కొట్టడం. పిస్టన్ కింద తిరిగే ఇరుసు, క్రాంకు, దాని జోలికే పోలేదు, పిస్టన్ని దానికి కలిపే కనెక్టింగ్ రాడ్ చేత్తో పట్టుకుని పైకీ కిందికీ లాగితే టక్ టక్ మంటోంది. క్లచ్ వైపు క్రాంక్ సీలు కూడా పోయి గేరాయిల్ ఇంజిన్లోకి లాగేస్తోంది, ఆ తెల్లపొగ చూసి టూ స్ట్రోక్ అంటే ఇంతేలే అనుకున్నాను.

వంద సైజు పిస్టన్, కొత్త రాడ్ కిట్, బేరింగులు, సీళ్లు, లేత్ కూలీ అన్నీ కలిపి 14,000 అయింది. మొదటి 500 కిలోమీటర్లు నలభై దాటొద్దని, లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలపమని మేస్త్రి చెప్పాడు. ఇంజిన్ చేయించడమంటే ఇదీ. బిల్లు తీసుకున్నాను, పాత పిస్టన్ కూడా అడిగి కవర్లో వేయించుకున్నాను.

ఇక అమ్మకం సంగతి. మోకాలి డాక్టరు కిక్ కొట్టొద్దన్నాడు, ఈ బండికి సెల్ఫ్ లేదు, చేసేదేముంది. ఫోను చేసిన ప్రతివాడికీ ‘ఆఖరి బోరులో ఉంది, పంపు లేదు, ఆయిల్ కలిపి పోయాలి’ అని ముందే చెప్పాను. ఆరుగురు ఆ మాట వినగానే పెట్టేశారు. మా పక్కవీధి కుర్రాడు “అలా అన్నీ చెబితే బండ్లు పోవు బాబాయ్, ఇంజిన్ చేయించాం అని పెట్టు చాలు” అని సలహా ఇచ్చాడు. అదే వారంలో అతను తన బండి నాకంటే ఎక్కువ రేటుకు అమ్మాడు, దాని హెడ్ ఎవరూ విప్పి చూడలేదు. నిజం చెబితే రేటు తగ్గే బజారులో ఎవరైనా ఎందుకు చెబుతారు?

చివరికి చీరాల నుంచి ఒకాయన వచ్చాడు. వచ్చీరాగానే చెయ్యి బ్లాక్ మీద పెట్టాడు, చల్లగా ఉందో లేదో చూడ్డానికి. తర్వాత పాత పిస్టన్ చేతిలోకి తీసుకుని గీతలన్నీ చూశాడు, బిల్లు చదివాడు, ఆర్సీలోని ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు టార్చి వేసి సరిచూసుకున్నాడు. అది మంచి పని, హండ్రెడ్ బండికి దానికంటే పెద్దదైన ఆరెక్స్ 135 ఇంజిన్ ఎక్కించి ఆర్సీలో రాయించకుండా తిప్పేవాళ్లు కావలసినంత మంది. బేరం మాత్రం అద్దం పగిలిందని ఒక్క వెయ్యి తగ్గించాడు, అంతే.

కాగితాల దగ్గర నేను గట్టిగా ఉన్నాను. అంతకుముందు అమ్మిన స్కూటర్ కొన్నవాడు పేరు మార్చుకోక, ఎనిమిది నెలల తర్వాత హెల్మెట్ లేని ఎవరి ఫొటోతోనో చలానా నా ఫోనుకు వచ్చింది. చలానాతో పోయింది కాబట్టి సరిపోయింది, అదే యాక్సిడెంట్ అయితే ఆర్సీలో పేరున్నవాడే ఓనరని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పేరు మార్పు కోసం ఇచ్చే ఖాళీ ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. ఈసారి స్లాట్ బుక్ చేసి, నేనే ఆయనతో ఆఫీసుకు వెళ్లి వచ్చాను.

మీకు నా విన్నపం ఒక్కటే. పాత బైకు ప్రకటన తీసుకునేటప్పుడు మీ కౌంటర్లో వాళ్లు మూడు ముక్కలు అడిగి అచ్చు వేయండి: ఎన్నో బోరు, క్రాంకు పని జరిగిందా లేదా, బిల్లు ఉందా. స్థలం ప్రకటనలో ఎన్ని గజాలో లేకపోతే మనం ఫోనే చేయం కదా. చెప్పనివాళ్ల ప్రకటన ఆ ముక్కలు లేకుండానే వేయండి, చదివేవాడు అర్థం చేసుకుంటాడు.

చీరాల ఆయన మొన్న ఫోను చేశాడు. 500 దాటిందట, ఇక యాభైలో వెళ్లొచ్చా అని అడిగాడు. పెట్రోలు మూత మీద నేను అంటించిన ‘ఆయిల్ కలిపి పోయాలి’ స్టిక్కర్ మాత్రం వానకి ఊడిపోయిందన్నాడు, పెయింటుతో రాయించమన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, తెనాలి