మంత్రి గారూ, హోమ్ మీద ఫిర్యాదు ఆ హోమ్‌కే పంపితే ఎలా?

గౌరవనీయులైన దివ్యాంగుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయి ఇలా అందరి ముందూ రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మీకు తెలియంది కాదు. హింస జరుగుతోందని తెలిస్తే ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి చెప్పొచ్చు, ఆయన వెంటనే ఆపించాలి అని సెక్షన్ 7లో ఉంది కదా. నేను చెప్పాను. ఆ కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి దిగీ దిగీ చివరికి మా తమ్ముడు ఉంటున్న దివ్యాంగుల హోమ్‌కే "రిపోర్ట్ పంపగలరు" అని వెళ్ళింది. ఎవరి మీద ఫిర్యాదు ఇచ్చామో వాళ్ళే ఏం జరగలేదని రాసిచ్చారు, ఫైల్ క్లోజ్ చేసేశారు.

మా వాడికి బుద్ధిమాంద్యం ఉంది, మాట నెమ్మదిగా వస్తుంది. కానీ ఎవరు కొట్టారు, ఎవరు గదిలో పెట్టి గడియ వేశారు అంటే చెప్తాడు సార్, కాస్త ఓపిగ్గా పక్కన కూర్చుని అడగాలి అంతే. ఎంక్వైరీకి వచ్చినాయన ఆఫీస్ రూమ్‌లో రిజిస్టర్లు చూసి వెళ్ళిపోయారు, వాణ్ణి ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత మాకు మొదలైంది అసలు నరకం. "మీరొచ్చి వెళ్ళాక అల్లరి చేస్తున్నాడు, కొన్నాళ్ళు రావద్దు" అని హోమ్ వాళ్ళు మాతో అన్నారు. వెళ్ళినప్పుడల్లా మత్తుగా పడుకుని ఉంటున్నాడు, ఏం మాత్రలు వేస్తున్నారు చీటీ చూపించండి అంటే "మీరు గార్డియన్ (చట్టప్రకారం సంరక్షకులు) కాదు కదా" అంటారు, మరి గార్డియన్ ఎవరు ఆర్డర్ చూపించండి అంటే అదీ చూపించరు. అయినా గార్డియన్ ఉంటే మాత్రం? అదే 2016 చట్టం సెక్షన్ 14 ప్రకారం గార్డియన్ వాడితో కలిసి నిర్ణయం తీసుకోవాలి గానీ వాడి నోరు నొక్కేయడం కాదు. బుద్ధిమాంద్యం లాంటివి ఉన్నవాళ్ళ కోసం చేసిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్ అయితే ఆరు నెలల్లో ఆస్తి వివరాలు, తర్వాత ఏటా లెక్కలు ఇవ్వాలి, వాడి పేరు మీద వచ్చే డబ్బుల లెక్క ఎవరు అడుగుతున్నారు?

అమ్మానాన్నా లేని వాళ్ళు కూడా ఉన్నారు ఆ హోమ్‌లో. వాళ్ళ తరఫున అర్జీ పెట్టేవాళ్ళే లేరు, నాకు అది తల్చుకుంటేనే నిద్ర పట్టదు.

వికలాంగుల కోసం నడిచే సంస్థల్ని స్వతంత్ర అధికారులు పర్యవేక్షించాలని ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 16వ ఆర్టికల్ చెప్తోంది, మన దేశం దాన్ని 2007లోనే ఆమోదించింది. దయచేసి బయటివాళ్ళని పంపండి. ముందుగా ఫోన్ చేసి చెప్పకుండా పంపండి. స్టాఫ్‌ని బయట ఉంచి, అక్కడున్న ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడమనండి, మాటలు రాని వాళ్ళుంటే సైగలు తెలిసిన వాళ్ళని తోడు తీసుకెళ్ళమనండి. ఫిర్యాదు చేసిన ఇంటివాళ్ళని కలవనివ్వకుండా ఆపొద్దని ఒక ఆర్డర్ ఇవ్వండి. హింస నిజమని తేలితే, దివ్యాంగుల మీద అఘాయిత్యాలకి శిక్ష వేసే 2016 చట్టం సెక్షన్ 92 కింద కేసు పెట్టించండి. హోమ్ మీద వచ్చిన కాగితాన్ని మాత్రం మళ్ళీ ఆ హోమ్‌కే పంపించకండి సార్, మీకు దణ్ణం పెడతాను.

నా అర్జీలన్నీ మీ పేషీలోనే ఉన్నాయి. జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
హోమ్‌లో ఉన్న ఒక తమ్ముడి అక్క