విషయం: కొత్త స్టాక్ వేశాక రైఫిల్ జీరో నిలవకపోవడం గురించి

సేల్స్, సర్వీసు విభాగం వారికి,

నమస్కారం. పోయిన నెల మా అమ్మాయి .22 రైఫిల్‌కి మీ దగ్గర లామినేట్ చెక్క స్టాక్ (భుజానికి ఆనే, ఇనుప భాగాన్ని మోసే చెక్క దిమ్మ) కొన్నాం. రైఫిల్ పాత ఆన్‌షుట్జ్ కంపెనీది, 50 మీటర్ల ప్రోన్‌కి, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీకి వాడుతుంది. ఎదిగే పిల్ల, పాత స్టాక్ మీద చెంప కుదురుగా ఆనడం లేదని మార్చాం. "బిగించండి, కాల్చండి, జీరో కదలదు" అని మీ ప్రకటనలో ఉంది, అంటే సైటు గురిపెట్టిన చోటే గుండు తగులుతూ ఉంటుందని. సైట్లు రెండూ ఇనుము మీదే ఉంటాయి, స్టాక్ మీద కాదు కదా, నిజమే కాబోలనుకున్నాను.

మొదటి రోజే పది గుళ్ల గ్రూపు, అంటే అవి పడ్డ గుంపు, 24 మిల్లీమీటర్లు ఎడమకీ కిందికీ పోయింది. 50 మీటర్ల టార్గెట్‌లో 10 రింగు అడ్డంగా 10.4 మిల్లీమీటర్లే. పదులు కొట్టే పిల్లకి ఏడులూ ఎనిమిదులూ పడితే మొహం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఫోన్ చేస్తే, "కొత్త స్టాక్‌కి అది మామూలే సార్, సైటు తిప్పుకోండి" అన్నారు. ప్రకటనలో కదలదన్న జీరో ఫోన్‌లో మామూలుగా కదిలేది ఎలా అయిందో అడగను. ఎందుకంటే ఫోన్‌లో చెప్పిందే నిజం. గుండు బయటికి పోయేలోగా బ్యారెల్ వణుకుతుంది. .22 గుండు నెమ్మదైనది, మ్యాచ్ తూటా సెకనుకి 330 మీటర్లకి అటూ ఇటూ, కాబట్టి గొట్టంలో ఉండే ఆ కాస్త సేపూ ఎక్కువే. స్టాక్ యాక్షన్‌ని (బ్యారెల్ బిగించి ఉండే, బోల్టు కదిలే ఇనుప భాగాన్ని) ఎక్కడ, ఎంత గట్టిగా పట్టుకుందో దాన్నిబట్టి ఆ వణుకు మారుతుంది, గుండు తగిలే చోటూ మారుతుంది. ఒక్కసారి మారి అక్కడే నిలిస్తే నాకు ఫిర్యాదే లేదు, నాలుగు క్లిక్కులు తిప్పి ఊరుకునేవాణ్ణి.

నిలవడం లేదు. అదీ నా గోడు. అదే లాట్ తూటాలతో, స్లింగ్ (చేతికీ రైఫిల్‌కీ కలిపి బిగించే పట్టీ) లేకుండా రెస్ట్ మీద పెట్టి కాలిస్తే తేడా 9 మిల్లీమీటర్లే. స్లింగ్ బిగిస్తే మళ్లీ 24. స్క్రూలు విప్పి మళ్లీ బిగిస్తే ఇంకో చోటు. ఏ క్లిక్కు తిప్పమంటారు?

నేను బాలానగర్‌లో ముప్పయ్యేళ్లు లేత్ మీద పనిచేసినవాణ్ణి, కాబట్టి ఊరికే ఉండలేకపోయాను. బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య కాగితం దూర్చి లాగితే ముందు చివర కుడివైపు ఇరుక్కుపోతోంది. స్లింగ్ స్టాక్ ముందు భాగాన్ని ఎడమకి లాగినప్పుడు ఆ కుడి గోడ వెళ్లి బ్యారెల్‌ని నెడుతోంది. బ్యారెల్‌కి సన్నని కదలిక కొలిచే డయల్ గేజ్ కట్టి, ముల్లు స్టాక్ మీద ఆనించి, ముందు స్క్రూ వదులు చేశాను. రెండు మూడు గీతలు కదిలితే సరే అనుకోవచ్చు. 18 గీతలు కదిలింది, అంటే 0.18 మిల్లీమీటర్లు. మీ బెడ్డింగ్, అంటే స్టాక్‌లో యాక్షన్ కూర్చునే చోటు, సమంగా లేదు, స్క్రూ బిగిస్తే యాక్షన్ వంగుతోంది. టార్క్ తప్పేమో అనకండి, మీరు పంపిన కాగితంలో రాసినట్టే రెండు స్క్రూలూ 5 న్యూటన్‌మీటర్లకి బిగించాను.

మీ మెకానిక్ మాత్రం "వానాకాలం కదా, చెక్క ఉబ్బి ఉంటుంది" అన్నాడు. హైదరాబాద్‌లో ఏటా వానలు పడతాయండీ.

చివరికి పాత స్టాక్ మళ్లీ వేశాం. పాత సైటు లెక్కకే గ్రూపు వచ్చి కూర్చుంది. ఇక రైఫిల్‌ది గానీ పిల్లది గానీ తప్పని చెప్పడానికి వీల్లేదు. ఈలోగా ట్రయల్స్ ముందు మూడు వారాల ప్రాక్టీసు, బోలెడు మ్యాచ్ తూటాలు గంగలో కలిశాయి.

నాకు కావలసింది ఇది. సరిగ్గా బెడ్డింగ్ చేసి, బ్యారెల్ చుట్టూ ఖాళీ వదిలిన స్టాక్ పంపండి, లేదా ఇది వెనక్కి తీసుకుని రవాణా ఖర్చుతో సహా డబ్బులివ్వండి. ప్రకటనలో "జీరో కదలదు" అన్న మాట తీసేయండి. టార్గెట్ కాగితాలు, డయల్ ఫోటోలు, బిల్లు జతచేశాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌కి, ఆపైన వినియోగదారుల కమిషన్‌కి ఇవే కాగితాలు పంపుతాను.

స్టాక్ పెట్టెలోనే ఉంది. ఎవరినైనా పంపితే వాళ్ల ముందే డయల్ కట్టి చూపిస్తాను.

ఇట్లు,
ఒక జూనియర్ షూటర్ తండ్రి,
బాలానగర్, హైదరాబాద్