పచ్చ పురస్కారాలు ఇవ్వండి, తనిఖీలు మాత్రం మానకండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా జూన్ 5 దగ్గరపడేసరికి, పర్యావరణాన్ని బాగా చూసుకున్న పరిశ్రమలకు పురస్కారాలన్న వార్తలు పత్రికల్లో కనిపిస్తుంటాయి. చట్టం అడిగినదానికన్నా ఒక అడుగు ముందుకు వేసిన సంస్థను ప్రభుత్వమే గుర్తించి సత్కరించాలనీ, దానికి అనుమతుల్లోనూ తనిఖీల్లోనూ కొంత వెసులుబాటు ఇవ్వాలనీ పారిశ్రామిక వర్గాలు ఎప్పటినుంచో కోరుతున్నాయి. 2017లో మహారాష్ట్ర, తరువాత ఒడిశా కాలుష్య స్థాయిని బట్టి పరిశ్రమలకు స్టార్ రేటింగులు ఇవ్వడం మొదలుపెట్టాయి. 2023 అక్టోబరులో కేంద్రం, మొక్కలు నాటడం వంటి పనులకు క్రెడిట్లు ఇచ్చే గ్రీన్ క్రెడిట్ నిబంధనలు తెచ్చింది. ఇలాంటి స్వచ్ఛంద పథకాలకు నేను వ్యతిరేకిని కాను. పటాన్‌చెరు ప్రాంతంలో ఈటీపీల దగ్గరే, అంటే ఫ్యాక్టరీల మురుగునీటి శుద్ధి కేంద్రాల దగ్గరే, ఉద్యోగమంతా గడిపినవాణ్ని కనుక, బాగా చేసినవాడికి ఒక్క మంచి మాట కూడా దక్కకపోతే పక్కవాడు ఎలా తయారవుతాడో నాకు తెలుసు. నా అభ్యంతరమల్లా సత్కారాన్నీ తనిఖీల సడలింపునూ కలిపి ఇవ్వడం మీదనే.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. అమెరికా ఈ దారిలో నడిచి, వెనక్కి వచ్చింది. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, 2000 జూన్‌లో ‘నేషనల్ ఎన్విరాన్‌మెంటల్ పెర్ఫార్మెన్స్ ట్రాక్’ అనే స్వచ్ఛంద పథకాన్ని ప్రారంభించింది. ఇందులో చేరాలంటే పరిశ్రమకు ఒక పర్యావరణ నిర్వహణ వ్యవస్థ ఉండాలి, చట్టాలను పాటిస్తూ వచ్చిన చరిత్ర ఉండాలి, రాబోయే మూడేళ్లలో నీటి వాడకాన్నో విషవ్యర్థాలనో ఇంత మేరకు తగ్గిస్తామని హామీలు ఇవ్వాలి, ఏటా నివేదిక సమర్పించాలి. వీటికి ప్రతిఫలంగా ఆ పరిశ్రమ పథకం ముద్రను వాడుకోవచ్చు. మామూలు తనిఖీల జాబితాలో దాని పేరు అడుగుకు వెళుతుంది. 2004లో తెచ్చిన నిబంధన ప్రకారం, ప్రమాదకర వ్యర్థాలను 90 రోజులకు బదులు 180 రోజుల దాకా తన ఆవరణలోనే నిల్వ ఉంచుకోవచ్చు. 2008 చివరికి సభ్యుల సంఖ్య 500 దాటింది.

తనిఖీలు తగ్గాక ఏం జరిగిందో ఈపీఏ పనితీరును లోపలి నుంచే పరిశీలించే ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే 2007లో చెప్పింది. నమూనాగా తీసుకున్న 30 సభ్య సంస్థల్లో, ఇచ్చిన హామీలన్నిటినీ నెరవేర్చినవి రెండంటే రెండే. తమ రంగంలోని సగటు కన్నా ఎక్కువ విషపదార్థాలను వదులుతున్నవి కూడా ఆదర్శ సంస్థల జాబితాలో ఉన్నట్టు తేలింది. 2008 డిసెంబరులో ఫిలడెల్ఫియా ఇన్‌క్వైరర్ పత్రిక ఈ వ్యవహారాన్ని బయటపెడుతూ కథనాలు ప్రచురించింది. ఒబామా ప్రభుత్వంలో ఈపీఏ బాధ్యతలు చేపట్టిన లీసా జాక్సన్ 2009 మార్చిలో పథకాన్ని ముగించారు. వర్జీనియా, విస్కాన్సిన్ వంటి రాష్ట్రాలు మాత్రం తమ సొంత పథకాలను కొనసాగించాయి. కాబట్టి ఆలోచనే పనికిరానిదని ఎవరూ తేల్చలేదు. నిఘా తగ్గింపునే బహుమానంగా ఇవ్వడం దగ్గర పథకం చెడిందని నా అభిప్రాయం. వ్యాపారికి ప్రశంసాపత్రం కన్నా ఇన్‌స్పెక్టరు రాకపోవడమే ఎక్కువ విలువైనది కనుక, అలాంటి పథకంలో ప్రశంసకు తగినవారితో పాటు తనిఖీ అంటే బెదిరేవారు కూడా చేరతారు.

పర్యావరణ నిర్వహణ వ్యవస్థ అనేది కాగితాల మీద చాలా అందంగా ఉంటుంది. విధాన ప్రకటన, బాధ్యుల పట్టిక, లాగ్‌బుక్కులు, అంతర్గత ఆడిట్ నివేదికలు అన్నీ ఫైళ్లలో సక్రమంగానే ఉంటాయి. ఈటీపీ దగ్గర నిలబడితే వేరే సంగతులు తెలుస్తాయి. మురుగునీటికి గాలి పట్టించే ఏరేషన్ ట్యాంకులో సూక్ష్మజీవులు బతికి ఉంటే స్లడ్జ్, అంటే అడుగు మడ్డి, గోధుమ రంగులో ఉండి తడిమట్టి వాసన వేస్తుంది. కరెంటు బిల్లు కలిసివస్తుందని రాత్రిళ్లు గాలి పంపే బ్లోయర్లు ఆపేస్తే గాలి అందక అదే స్లడ్జ్ నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్లు వస్తున్నారన్న కబురు అందగానే బ్లోయర్లు మొదలుపెట్టినంత మాత్రాన పొద్దుటికల్లా ఆ నలుపు పోదు. ఈ సంగతి ఏ సర్టిఫికెట్టూ చెప్పదు. కబురు లేకుండా వచ్చి, ట్యాంకు గట్టు మీద నిలబడిన మనిషికే తెలుస్తుంది. బోర్డుల్లో సిబ్బంది కొరత ఎప్పుడూ ఉన్నదే కాబట్టి, మంచి పరిశ్రమల చుట్టూ తిరగడం మాని చెడ్డవాటి మీద దృష్టి పెట్టాలన్న వాదనలో నిజం లేకపోలేదు. తనిఖీల సంఖ్యను కొంత తగ్గిస్తే తగ్గించండి, కానీ ఉన్న ఆ కొన్నీ చెప్పాపెట్టకుండా జరగాలి.

ఇక కొలిచేది ఎవరన్న ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. గుజరాత్‌లో పరిశ్రమలు ప్రైవేటు పర్యావరణ ఆడిటర్లను తామే ఎంచుకుని, తామే ఫీజు చెల్లించే పద్ధతి ఉండేది. ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయాన్ అనే ఆర్థికవేత్తలు అక్కడి కాలుష్య నియంత్రణ మండలితో కలిసి పరిశీలిస్తే, ధూళి కణాల పరిమితిని మీరిన ఫ్యాక్టరీలు 7 శాతమేనని ఆడిటర్లు రాశారు. మళ్లీ కొలిచి చూస్తే అవి 59 శాతం. ఆడిటరును లాటరీ పద్ధతిలో కేటాయించి, ఫీజును ఉమ్మడి నిధి నుంచి చెల్లించి, కొన్ని కొలతలను ఇంకొకరితో సరిచూపించే ఏర్పాటు చేసేసరికి నివేదికలు నిజానికి చాలా దగ్గరగా వచ్చాయి, ఫ్యాక్టరీల కాలుష్యం కూడా తగ్గింది. మనుషులు మారలేదు, జీతం ఇచ్చే చెయ్యి మారింది. కేంద్రం 2025లో తెచ్చిన పర్యావరణ ఆడిట్ నిబంధనలు ప్రైవేటు ఆడిటర్ల పాత్రను పెంచుతున్న ఈ సమయంలో, స్టార్లు పంచాలనుకునే ఏ రాష్ట్రమైనా ముందుగా గుజరాత్ అనుభవాన్ని చదవాలి.

స్వచ్ఛందంగా చేసినవి ఫలించిన సందర్భాలూ ఉన్నాయి. ఈపీఏ 1991లో మొదలుపెట్టిన 33/50 పథకం, 17 విషరసాయనాల విడుదలను 1988 నాటి లెక్కతో పోల్చి 1992 నాటికి 33 శాతం, 1995 నాటికి 50 శాతం తగ్గించమని కంపెనీలను కోరింది. రెండో లక్ష్యం ఒక ఏడాది ముందే అందింది. అందులో కొంత తగ్గుదల పథకానికి ముందే మొదలైందనీ, చేరని కంపెనీలు కూడా తగ్గించాయనీ విమర్శకులు అన్నారు, అది న్యాయమైన విమర్శే. అయినా ఆ వాదన సాధ్యమైంది ఎందువల్ల? ఏ ఫ్యాక్టరీ ఏ రసాయనాన్ని ఎంత వదిలిందో ఏటా బహిరంగపరిచే పట్టిక అక్కడ అప్పటికే ఉన్నందువల్ల. ఆ పట్టికను తప్పనిసరి చేసిన 1986 నాటి చట్టం వచ్చిందే మన భోపాల్ విషాదం తరువాత. చచ్చింది మనవాళ్లు, ఆ లెక్కలు చూసుకునే హక్కు దక్కింది అక్కడి పౌరులకు.

ఇండోనేసియా చేసిన పని నాకు మరింత నచ్చుతుంది. 1995లో ప్రొపెర్ అనే పథకం కింద 187 ఫ్యాక్టరీలను బంగారు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు రంగుల్లో వర్గీకరించారు. మొదటి విడతలో ఆకుపచ్చ దక్కింది 5 ఫ్యాక్టరీలకు, బంగారు రంగు ఒక్కదానికీ దక్కలేదు. 115 ఎరుపులో, 6 నలుపులో పడ్డాయి. బాగా చేసినవారిని ముందుగా బహిరంగంగా అభినందించి, మిగిలినవారికి సర్దుకోవడానికి కొన్ని నెలల గడువు ఇచ్చి, ఆ తరువాత వారి పేర్లు వెల్లడించారు. నల్లరంగు లేని రేటింగులో పచ్చరంగుకు విలువేముంది? మన తెలుగు రాష్ట్రాల్లో పురస్కారాల జాబితా మాత్రమే అచ్చవుతుంది. దరఖాస్తు చేసి తప్పినవారెవరో, అసలు దరఖాస్తే చేయనివారెవరో జనానికి తెలియదు.

ప్రమాదకర వ్యర్థాలతో వ్యవహరించే పరిశ్రమలు తాము వాడే రసాయనాలు, వదిలే గాలి, నీరు, వ్యర్థాల వివరాలను గేటు ముందు బోర్డు మీద ప్రదర్శించాలని సుప్రీంకోర్టు 2003లోనే ఆదేశించింది. నేను చూసిన ఒక బోర్డు మీద నీటిలోని కాలుష్యాన్నీ లవణాలనూ చెప్పే సీఓడీ, టీడీఎస్ అంకెలు ఇంగ్లీషులో ఉన్నాయి, తేదీ గడి ఖాళీగా ఉంది, ఎదురుగా టీ కొట్టు తాటిపత్రి తాడు దాని కాలికే కట్టి ఉంది. ఆ పక్కనే కొత్తగా వెలిసిన ఫ్లెక్సీలో మాత్రం పర్యావరణ పురస్కారం అందుకుంటున్న ఫొటో నిలువెత్తున ఉంది. గేటు బోర్డునే సరిగా నిర్వహించని సంస్థ పురస్కారానికి దరఖాస్తు చేసే అర్హత పొందకూడదన్న ఒక్క షరతు పెట్టినా, పోటీలో ఎంతమంది మిగులుతారో చూడాలని ఉంది.

గ్రీన్ క్రెడిట్ల గురించి ఎక్కువ రాయను. మొక్క నాటడం మంచిదే, కానీ మొక్కలు నాటినందుకు వచ్చిన క్రెడిట్ మా పటాన్‌చెరు పక్కన పారే నక్కవాగులోకి పోయే నీటి రంగును మార్చదు. ఒక సంస్థ పర్యావరణ పనితీరును దాని సొంత పైపు చివర, సొంత చిమ్నీ పైన కొలవాలి.

అందుచేత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండళ్లకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. పురస్కారాలు, రేటింగులు ఇవ్వదలచుకుంటే, వాటికి ఆధారమైన కొలతలను పరిశ్రమ పేరుతో సహా తెలుగులో ప్రచురించండి. కొలిచేవారిని పరిశ్రమ కాక మండలి నియమించాలి, వారికి ఫీజు మండలి చెల్లించాలి. పరిశ్రమ నడపడానికి మండలి ఇచ్చే అనుమతి (కన్సెంటు) రుసుములో రాయితీ ఇవ్వండి, ప్రభుత్వ కొనుగోళ్లలో ప్రాధాన్యం ఇవ్వండి, బ్యాంకు రుణాలకు సిఫారసు చేయండి, కానీ తనిఖీ మినహాయింపును బహుమతుల పట్టికలోంచి కొట్టివేయండి. పురస్కారం పొందిన సంస్థ ఆ తరువాత పరిమితులు మీరితే దాన్ని వెంటనే ఉపసంహరించి, ఆ సంగతి ప్రకటించండి. అలాంటి ప్రకటన వచ్చిన రోజున, పురస్కార వార్తకు ఏ పేజీలో ఎంత చోటు ఇచ్చారో అంత చోటు దానికీ ఇవ్వాలని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయన ఇంజినీరు,
సంగారెడ్డి జిల్లా