నా వేలికి సిరా లేదు

చెన్నై,
2024 ఆగస్టు 24

చిన్నీ,

నిన్న పొద్దున ఎనిమిదింటికి పప్పు కుక్కర్లో పెట్టి టీవీ ముందు కూర్చున్నాను. షికాగోలో అప్పుడు గురువారం రాత్రి, డెమోక్రటిక్ పార్టీ మహాసభ. అధ్యక్ష అభ్యర్థి కమలా హారిస్ వాళ్లమ్మ గురించి చెబుతోంది. పందొమ్మిదేళ్ల శ్యామల ఒక్కతే కాలిఫోర్నియాకి వెళ్లడం, రొమ్ము క్యాన్సర్‌ని నయం చేసే సైంటిస్టు కావాలనుకోవడం. "విజిల్స్ ఎన్నయ్యాయో చూసుకున్నావా?" అని నాన్న వంటింట్లోంచి అరిచేదాకా నాకు ఈ లోకం లేదు. పప్పు పేస్టయింది. కళ్లు తడిశాయి, నీ దగ్గర దాచడమెందుకు.

కాసేపటికి ఎదురింటి మామి మైసూర్‌పాక్ పట్టుకొచ్చింది. "నమ్మ ఊరు పొణ్ణు!" (మన ఊరి పిల్ల!) అని ఒకటే సంబరం. తాతయ్య గోపాలన్‌గారితో బీసెంట్ నగర్ బీచ్‌లో నడిచిన పిల్ల కదా, మరి. నెలరోజుల కిందట తణుకు నుంచి మీ మేనత్త ఫోన్‌లో ఇంతే సంబరం, కాకపోతే అటువైపు, ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ వాన్స్, ఆయన భార్య ఉష గురించి. "వదినా, ఉష వాళ్ల వడ్లూరు మా పక్కనే. వాన్స్ మన అల్లుడు, ఓటు వాళ్లకే వెయ్యి." ఓటేమన్నా పెళ్లి సంబంధమా, ఊరూ గోత్రమూ కనుక్కుని వేయడానికి! ఇద్దరికీ నవ్వి ఊరుకున్నాను.

నాకున్న చిక్కు వేరే. నీకు తప్ప ఎవరికి చెప్పినా అర్థం కాదు.

ఏప్రిల్ 19న ఇక్కడ పోలింగ్. వీధంతా వేలికి సిరాచుక్కతో తిరిగారు. పాలబ్బాయి కూడా చూపించి మరీ ప్యాకెట్ ఇచ్చాడు. మనం అమెరికా పౌరులం, మనకిచ్చిన ఓసీఐ కార్డు ఇక్కడ ఇల్లు కొననిస్తుంది కానీ ఓటు వేయనివ్వదు. అదే నెల 23న మన పెన్సిల్వేనియాలో ప్రైమరీ, పార్టీ అభ్యర్థి ఎవరవ్వాలో జనం ఓటేసి చెప్పే ఎన్నిక. నా ఓటు మార్చిలోనే పంపేశాను. ఈమెయిల్లో వచ్చిన బ్యాలెట్ని వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే, కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి "ఈ వయసులో ఏం పరీక్ష ఆంటీ?" అన్నాడు. ఇంటికొచ్చి, తలుపేసుకుని, బైడెన్ పేరు పక్కన గుండ్రం జాగ్రత్తగా దిద్దాను. జెమినీ ఫ్లైఓవర్ దగ్గర అమెరికన్ కాన్సులేట్‌కి నాన్నా నేనూ ఆటోలో వెళ్లి ఇచ్చి వచ్చాం.

జూన్‌లో ట్రంప్‌తో బైడెన్ డిబేట్ చూసినప్పుడే నాకు భయమేసింది. జులై 21న ఆయన తప్పుకున్నారు. ఆగస్టు 5కల్లా డెలిగేట్లు, అంటే పార్టీ ప్రతినిధులు, ఆన్‌లైన్లోనే ఓట్లేసి కమలను ఖాయం చేసేశారు. రెండు వారాలు! ఊపిరి పీల్చుకున్న మాట నిజం. కానీ నేను దిద్దిన ఆ గుండ్రం ఏమైనట్టు? నన్ను ఎవరూ అడగలేదే?

"ఆయన పక్కన ఉపాధ్యక్షురాలిగా ఆవిడ ఉంటుందని తెలిసే కదా వేశావు" అంటారు నాన్న. నిబంధనల ప్రకారం తప్పేమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ 1968లో ఇదే షికాగోలో, ఇదే పార్టీ సభలో, అప్పటి ఉపాధ్యక్షుడు హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే అభ్యర్థి అయ్యాడు. బయట వీధుల్లో పోలీసులు కుర్రాళ్లను చితకబాదారు. నవంబరులో అవతలి పార్టీ నిక్సన్ గెలిచాడు. ఆ తర్వాతే జనం ఓటుకి విలువ ఉండాలని పార్టీ నియమాలు మార్చుకుంది. అలా వచ్చిన హక్కు ఇది. ఈసారి తొందరలో పక్కన పెట్టారు, అంతే అనుకుందామా? ఆ రెండు వారాల్లో ఇంకో ఇద్దరు ముగ్గురు నిలబడి వాదించుకుని ఉంటే, ఆవిడే గెలిచినా, ఈ ముల్లు నాకు ఉండేది కాదు.

నీ కోపం గాజా గురించి. ఆ సభలో ఒక్క పాలస్తీనా అమెరికన్‌కి ఐదు నిమిషాలు మైకు ఇవ్వలేకపోయారా అని మెసేజ్ పెట్టావు. దానికి నా దగ్గర జవాబు లేదు. కమల గాజా జనం బాధ గురించి మాట్లాడింది, ఇజ్రాయెల్‌కి అండగా ఉంటాననీ అంది. నువ్వు రెండోదే విన్నావు, నేను మొదటిదే విన్నానేమో.

కానీ "నేను ఓటే వేయను" అన్నావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు. పిట్స్‌బర్గ్‌లో కూర్చుని అంటున్నావు ఆ మాట! పెన్సిల్వేనియాలో గెలుపోటముల తేడా 2016లో దాదాపు 44 వేల ఓట్లు, 2020లో దాదాపు 80 వేలు. మేం ఇంత దూరం నుంచి ఆటో కట్టించుకుని వెళ్లి వేస్తుంటే, నీకు పోలింగ్ బూత్ రెండు వీధుల అవతల. నేను ఆవిడకే వేస్తాను. ట్రంప్‌ మీద భయం కొంత, ఆవిడ మీద ఆశ కొంత, ఏది ఎంతో నన్ను అడక్కు. నువ్వు ఎవరికి వేస్తావో నేనూ అడగను.

సెప్టెంబరు 21కల్లా బ్యాలెట్ వస్తుంది. ఈసారి జిరాక్స్ షాపుకి వెళ్లను, నాన్న ప్రింటర్ కొన్నారు. దాంతో రోజూ కుస్తీ. అన్నట్టు, మన ఓటు ఇంకా ఆ పాత ఇంటి అడ్రస్ మీదే ఉంది, అమ్మేసి ఆరేళ్లయినా. ఆ వరండాలో ఇప్పుడెవరు కూర్చుంటున్నారో. జిప్ కోడ్ చివరి రెండంకెలు నాన్న ఒకటంటారు, నేనొకటంటాను. పాత బిల్లు ఏదన్నా ఉంటే చూసి చెప్పు.

అమ్మ