గురువారం సాయంత్రం బిల్లు మెసేజీలు ఆపింది నేనే

మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న బట్టల షాపుల యజమానులందరికీ నమస్కారం.

వరలక్ష్మీ వ్రతం ముందురోజు సాయంత్రం మీ కౌంటర్ల దగ్గర జనం కిక్కిరిసి ఉన్న వేళ బిల్లు మెసేజీలు, పేమెంట్ లింకులు రెండూ ఆగిపోయాయి. సర్వర్ పడిపోలేదు, నేనే ఆపాను. ఫోన్ చేసిన వాళ్ళకి తలా ఒక ముక్క చెప్పాను, కొందరికి ఆ ముక్క కూడా చెప్పే తీరిక దొరకలేదు. అందుకని జరిగిందంతా రాస్తున్నాను.

మీరు బిల్లు కొట్టగానే కస్టమర్ ఫోనుకి మెసేజీ వెళ్ళాలంటే మన సర్వర్ వెళ్ళి ఎస్సెమ్మెస్ కంపెనీ సర్వర్‌ని అడగాలి. అడుగుతున్నది మనమేనని వాళ్ళు గుర్తుపట్టడానికి ఒక ఏపీఐ కీ ఉంటుంది. చూస్తే అర్థంపర్థం లేని అక్షరాల వరుస. పేమెంట్ లింకులకి అలాంటిదే ఇంకొకటి. ఆ కీ ఎవరి చేతిలో ఉంటే కంపెనీ లెక్కలో వాళ్ళే మనం. మనుషుల లాగిన్‌కి ఉన్నట్టు దానికి ఓటీపీ ఉండదు.

వాట్సాప్‌లో బిల్లు పంపే సదుపాయం కోసం ఒక బయటి సంస్థకి పని ఇచ్చాం. పేరు రాయను. వాళ్ళ దగ్గర పనిచేసే కుర్రాడు మన కోడ్‌ని తన సొంత గిట్‌హబ్ (కోడ్ దాచుకునే వెబ్‌సైటు) ఖాతాలో పెట్టుకున్నాడు, ఇంటి నుంచి పని చేసుకోవడానికట. అదీ పబ్లిక్‌గా. కోడ్‌తోపాటు లైవ్ కీలు (నిజంగా పనిచేసేవి) రెండూ ఉన్న డాట్ ఈఎన్‌వీ అనే సెట్టింగుల ఫైలు కూడా ఎక్కేసింది. ఏ ఫైళ్ళు ఎక్కకూడదో రాసే గిట్‌ఇగ్నోర్ జాబితాలో ఒక్క లైను ఉంటే అది ఎక్కదు. మన ప్రాజెక్టులో ఆ లైను ఉంది, అతను కొత్తగా తెరిచినదాంట్లో లేదు. పెద్ద కంపెనీల కీలైతే వాటి రూపాన్ని బట్టి గిట్‌హబ్ గుర్తుపట్టి అడ్డుకుంటుంది, 2024 నుంచి పబ్లిక్ రిపాజిటరీలకి (కోడ్ ఉండే ఫోల్డర్లకి) ఆ కాపలా దానంతటదే ఉంటోంది. మన కీలకి అలాంటి ఆనవాలు ఏదీ లేదు, దాటిపోయాయి.

పండగ వారమంతా రావాల్సిన ఎస్సెమ్మెస్ బ్యాలెన్సు గురువారం మధ్యాహ్నం దాటేసరికి అడుగంటింది. ఎవడో మన ఓటీపీ మెసేజీని ముక్కూమొహం తెలియని నంబర్లకి వరసపెట్టి కొడుతున్నాడు. ముందే నమోదు చేసిన హెడరు (పంపేవారి పేరు), టెంప్లేటు (మెసేజీ నమూనా) తప్ప వేరే మాట వెళ్ళకూడదన్న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఉండబట్టి మీ షాపుల పేరుతో లాటరీ మెసేజీలు పోలేదు. ప్రతి టెంప్లేటుకీ అనుమతి తెచ్చుకోలేక ఆ నిబంధనని నేను తిట్టుకోని నెల లేదు. ఆ రోజు మాత్రం దండం పెట్టాను.

మన హెడరు పేరు పెట్టి గిట్‌హబ్‌లో వెతికితే ఆ కోడ్ దొరికింది. ఆ సంస్థకి ఫోన్ చేస్తే అరగంటలో జవాబు: "తీసేశాం సార్, ఇంక ప్రాబ్లెమ్ లేదు." తీసేసింది ఫైలుని! గిట్‌లో ఫైలు తీసేసినా పాత కమిట్‌లో (అంతకుముందు దాచిన కాపీలో) అది భద్రంగా కూర్చునే ఉంటుంది. ఈలోగా ఎవరు కాపీ చేసుకున్నారో ఎవరికి తెలుసు? పోయిన తాళంచెవి మళ్ళీ దొరికినా తాళం మార్చేస్తాం కదా, ఇదీ అంతే. సాఫ్ట్‌వేర్ చేసి బతికే సంస్థకి ఈ సంగతి నేను చెప్పాల్సి వచ్చింది. టయోటా అంతటి కంపెనీకీ టీ-కనెక్ట్ అనే కార్ల ఇంటర్నెట్ సేవ విషయంలో ఇదే జరిగింది. సబ్‌కాంట్రాక్టరు గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టిన కోడ్‌లో డేటా సర్వర్ కీ ఉంది, 2017 డిసెంబరు నుంచి 2022 సెప్టెంబరు దాకా ఎవరూ చూసుకోలేదు. 2,96,019 మంది ఈమెయిల్ అడ్రసులు బయటికి పోయి ఉండొచ్చని కంపెనీ ప్రకటించుకోవాల్సి వచ్చింది.

ఇక చాలామంది నన్ను నిలదీసిన విషయం. పేమెంట్ కంపెనీ దగ్గర కొత్త కీ తీసుకునేటప్పుడు స్క్రీన్ మీద రెండు దారులు కనిపిస్తాయి: పాత కీని ఇప్పుడే ఆపాలా, ఇంకో 24 గంటలు నడవనివ్వాలా. సపోర్టు ఫోన్లు చూసే మా బావమరిది "రాత్రి పది దాకా ఆగు బావా, ఈ టైములో ఆపితే షాపుల వాళ్ళు మనల్ని ఏకేస్తారు" అన్నాడు. తప్పేం కాదు, ఏకేశారు కూడా. నాకూ ఆగాలనే ఉంది. ఏడాదిలో మీకు అలాంటి సాయంత్రాలు ఎన్ని వస్తాయో నాకు తెలియదా? మౌస్ ఆ బటన్ మీద పెట్టి తీశాను, మళ్ళీ పెట్టాను.

ఆ కీతో మీ బ్యాంకు ఖాతా మార్చడం కుదరదు. కానీ మీ కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఎవరు ఎంతకి కొన్నారో చూడొచ్చు. రిఫండ్ కొట్టొచ్చు. రిఫండు డబ్బు కట్టినవాళ్ళకే తిరిగి వెళ్తుంది, దొంగకి పైసా రాదు, నిజమే. అయినా అల్లరికి చేసేవాడికి లాభంతో పనేంటి? పట్టుచీర పట్టుకెళ్ళిన ఆవిడ ఖాతాలోకి డబ్బు వెనక్కి పోతే పండగ పూట మీరు ఆవిడకి ఫోన్ చేసి అడుగుతారా? ఆరున్నర లోపే "ఇప్పుడే" నొక్కాను. మళ్ళీ అలాంటి సాయంత్రం వచ్చినా అదే నొక్కుతాను. ఈ ముక్క నచ్చనివాళ్ళు ఉంటారని తెలుసు.

లింకులు ఏడున్నరకి తిరిగొచ్చాయి. ఎస్సెమ్మెస్ కంపెనీ మాత్రం "టికెట్ పెట్టండి" అంటూ కొత్త కీ ఇచ్చేసరికి తొమ్మిదైంది. లాగులన్నీ (సర్వర్ రాసుకునే చిట్టాలు) చూశాం: పేమెంట్ కీని బయటివాళ్ళు వాడిన జాడ లేదు, తెలియని రిఫండు ఒక్కటీ లేదు. ఇలాంటివి 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలని 2022 నాటి ఆదేశం ఉంది, ఆ రాత్రే తెలియజేశాం.

"లైవ్ కీ మాకెందుకిచ్చారు" అని ఇప్పుడా బయటి సంస్థ ఎదురు వాదిస్తోంది. ఆ ఎస్సెమ్మెస్ కంపెనీ దగ్గర టెస్ట్ కీ (పరీక్షకి మాత్రమే వాడేది) అన్నదే లేదు. పేమెంట్ కీ ఆఖరి వారంలో వాళ్ళు అడిగితే ఇచ్చాం, సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా పెట్టకూడదని ఒప్పందంలో రాసి మరీ. మిగిలిన బిల్లు నేను కట్టలేదు, కట్టను.

ఇకమీదట బయటివాళ్ళ చేతికి లైవ్ కీ వెళ్ళదు, కీ పెట్టే ఆఖరి మెట్టు మా ఆఫీసులోనే. మన సర్వర్ అడ్రసు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ కీ పనిచేయకుండా చేయమని ఎస్సెమ్మెస్ కంపెనీని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాను, ఇప్పటికి కనికరించింది.

మన గ్రూపులో ఒకాయన "చవకగా వచ్చేదానికి ఇంతే" అని పెట్టారు. చవకగా ఇస్తున్నది చేతకాక కాదండీ. మీ రేటు నేను పెంచలేదు, ఈ ఖర్చు పేరు చెప్పి పెంచను కూడా. దొంగ తగలేసిన ఎస్సెమ్మెస్‌ల డబ్బు నాదే, మీ చందాలో కలపను.

అడగని ఓటీపీ వచ్చిందని మీ కస్టమర్లెవరైనా అంటే, దాంతో ఏ ఖాతా తెరుచుకోదని, వదిలేయమని చెప్పండి. గురువారం ఆగిన బిల్లులు పండగ పొద్దున్న మోగించడం ఇష్టంలేక పంపలేదు. కావాలంటే రిపోర్టుల్లోకి వెళ్ళి ఆ తేదీ ఎంచుకుని మళ్ళీ పంపొచ్చు. మానేస్తామన్న షాపులకి డేటా అంతా ఎక్సెల్‌లో ఇచ్చేశాను, బతిమాలలేదు. దసరాకి వెనక్కి వస్తే పాత రేటే.